గూడ్సుబండి రెజీనా

లేవికి కోడుమూరు దగ్గరి ఒక పల్లెలో కాస్త మెట్ట ఉంది. వాన పడితే వేరుశనగ, ఆలస్యమైతే ఆముదం, అసలే మొహం చాటేస్తే మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూలికి. ఆయన చదువు ఐదో తరగతితో ఆగింది. అయినా ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని ఊరు ఆయనకే అప్పజెప్పింది. పాదిరిగారు వచ్చి కూర్చోగానే లేవి లేచి, కళ్లద్దాలు సర్దుకుని, అక్షరాల కింద చూపుడువేలు పెట్టి, ఒక్కో మాటా సాలులో విత్తనం వదిలినట్టు వదిలేవాడు. మాటకూ మాటకూ మధ్య ముసలమ్మలు ‘స్తోత్రం’ అనుకోవడానికి వ్యవధి దొరికేది.

ఆయన కూతురు రెజీనా అక్షరాలు నేర్చుకుంది ఆ వేలు వెంబడే. పెదవులు కదిలిస్తూ, దాటిపోయిన మాట కోసం మళ్లీ వెనక్కి వస్తూ, అచ్చం తండ్రిలాగే చదివేది. బడి అలాగే అయింది, ఇంటరు అలాగే అయింది, టీచరు ట్రైనింగు కూడా అలాగే గట్టెక్కింది. ఆ నెమ్మది ఒక లోపమని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఆ మాట కర్నూలులో వీరభద్ర సార్ చెప్పాడు. టీచరు పోస్టుల పరీక్షకు కోచింగ్ ఇచ్చే సెంటర్ ఆయనది. మూడంతస్తుల మేడ, కిక్కిరిసిన హాలు, చేతిలో మైకు. మొదటి మోడల్ పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి బెంచీలు. ముందు బెంచీల వాళ్లకు సందేహాలు అడిగే హక్కు, చివరి బెంచీ వాళ్లకు ఫ్యాను కూడా సరిగా తగలదు. రెజీనా చివరి బెంచీకి వెళ్లింది. తెలిసిన ప్రశ్నలన్నీ సరిగ్గానే రాసింది. కానీ గంట కొట్టేసరికి పేపర్లో మూడోవంతు ఆమె కళ్లు చూడనే లేదు.

“చివరి బెంచీ, ఆ పచ్చ చున్నీ అమ్మాయి. లేచి నిలబడి ఈ పేరా చదువు,” అన్నాడు వీరభద్ర సార్ ఒకరోజు.

రెజీనా నిలబడి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆయన మైకును వాచీ దగ్గర పెట్టి, ఆ టిక్కుటిక్కు హాలంతా వినిపించేలా పట్టుకున్నాడు. ఒక వాక్యం కూడా పూర్తి కాలేదు.

“ఏమ్మా, నీ మాటకూ మాటకూ నడుమ గూడ్సుబండి పోతాండాది. గేటు తీసేది ఎప్పుడు?”

హాలు గొల్లుమంది. ఆ సాయంత్రం నుంచి ఆమె పేరు గూడ్సుబండి. హాస్టల్లో పక్కమంచం ఉదయశ్రీ, నందికొట్కూరులో కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి, ఆమె కూడా నవ్వు ఆపుకోలేక, “ఏమే గూడ్సూ, అన్నానికి వస్తాండావా?” అని పిలిచింది. రెజీనా అది కూడా మింగేసింది. పల్లెలో పేర్లు పెట్టడం మామూలే.

మింగలేనిది ఆ తర్వాత జరిగింది. లేవి ఒక మధ్యాహ్నం కూతురికి ఉడకబెట్టిన శెనక్కాయలు పట్టుకుని పల్లె నుంచి వచ్చాడు. సార్ గది తలుపు తీసే ఉంది. టీ వేళ కావడంతో వరండా నిండా పిల్లలు. లేవి చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, గడప బయట నిలబడి నమస్కారం పెట్టాడు.

“ఏమప్పా, గూడ్సుబండి నాయనవా?” అన్నాడు వీరభద్ర సార్ కుర్చీలోంచి లేవకుండానే. “మంచి టయానికి వచ్చినావు. నీ బిడ్డను ఇంటికి పిల్చుకపో. ఈయమ్మ ప్రశ్న చదివేలోపల పరీక్ష ఐపోతాది. ఈ చదువు ఈమెకు కాదు. శెనక్కాయ పీకే కాలమే కదా, నీకు చేతికింద పనికొస్తాది.”

వరండాలో కొందరు నవ్వారు. కొందరు టీ గ్లాసుల్లోకి చూశారు. స్తంభం పక్కన నిలబడి ఉన్న రెజీనా తండ్రి మొహం వైపు చూసింది. లేవి రెండు చేతులూ జోడించి, తల ఊపి, “సరే సార్,” అన్నాడు.

తండ్రీకూతుళ్లు బస్సెక్కారు. శెనక్కాయల సంచీ ఆమె ఒళ్లోనే ఉంది. ఒక్కటి కూడా ఒలవలేదు.

ఆ సంవత్సరం పరీక్ష పోయింది. పంట వచ్చింది. పొలంలో వంగినా, చర్చిలో మోకరించినా రెజీనా చెవుల్లో తండ్రి అన్న ఆ రెండు మాటలే. తనను చూసి నవ్వినందుకు కాదు, అంతమంది వాక్యం వినే తండ్రి నోటితో ఆ మాట అనిపించినందుకు ఆమె రగిలిపోయింది. పాదిరిగారు శత్రువును క్షమించడం గురించి ప్రసంగించిన ఆదివారం ఆమె లేచి బయటికి వచ్చి, బోరింగు దగ్గర మొహం కడుక్కుంది.

“పగ కొంగున నిప్పు కట్టుకున్నట్టే. ముందు మన కోకే కాలేది,” అంది తల్లి ప్రేమమ్మ.

“కాలనీమా. ఆయప్ప మొకం మాడేదాకా నేను ఇప్పను.”

ఏం చేయాలో మొదట ఆమెకూ తెలియలేదు. ఆ మనిషిని తిట్టి రావచ్చు. కానీ తిడితే గూడ్సుబండి కూత వేసిందని నవ్వుతాడు. ఆయన ఏ చోట కొట్టాడో ఆ చోటే గట్టిపడాలి. అంతే అనుకుంది.

కోడుమూరులో బజ్జీల బండి ఓబన్న పొట్లాల కోసం పాత పేపర్లు కట్టలుగా తెచ్చుకుంటాడు. వాటిల్లో ఒక కట్ట అడిగి తెచ్చుకుంది. తెల్లవారి ఆవు దగ్గర పని కాగానే అరుగు మీద కూర్చుని, పేపరు పరిచి, చదవడం. పెదవులు ఊరుకునేవి కావు. ఎంత బిగబట్టినా మాటతోపాటు అవీ కదిలేవి. నాలుక నడిచినంత వేగమే కంటికి వచ్చేది. ఒకరోజు వేపపుల్లతో పళ్లు తోముకుంటూనే పేపరు ముందేసుకుంది. నోట్లో పుల్ల ఉంటే పెదవులు కదలడానికి చోటు లేదు. కన్ను ఒంటరిగా ముందుకు పోయింది. అప్పటి నుంచి పళ్లు తోమడం అయిపోయినా పుల్ల తీసేది కాదు. దాటిన వరుస మీదికి చూపు వెనక్కి పోకుండా, అట్టముక్క ఒకటి పై నుంచి కిందికి జరుపుతూ మూసేసేది. వెనక్కి దారి లేకపోతే కన్ను ముందుకే పోతుంది.

మనసు లేని ఉదయాలూ ఉండేవి. అప్పుడు లోపల్లోపల ‘సరే సార్’ అనుకునేది. వెంటనే వెన్ను నిటారయ్యేది.

వేగం వచ్చింది. వానలు వెనకబట్టేసరికి పేజీ మీద ఆమె చూపు బాతుపిల్ల నీళ్ల మీద జారినట్టు జారిపోయేది. పొంగిపోయి తల్లి దగ్గరికి పరిగెత్తింది. ప్రేమమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది.

“అమా, నువ్వు ఒక రొట్టె కాల్చేలోపల ఈ సగం పేజీ చదివేసినా!”

“ఏముండాది దాంట్లో?”

“డ్యాము... నీళ్ల సంగతి.”

“యా డ్యాము? నీళ్లు వచ్చినాయా, వదిలినారా? మన కాలవకు ఇస్తారంటనా?”

రెజీనా నోరు తెరిచింది. ఏమీ లేదు. అన్ని వరుసలూ దాటి వచ్చింది కానీ చేతిలో పట్టుకుని వచ్చింది ఒక్క మాట లేదు.

“మరి చదివిందేందే?” అంది ప్రేమమ్మ రొట్టె తిరగేస్తూ. “కడప బండ మీద నీళ్లు పోసినట్టుండాది నీ చదువు.”

ఆ మాటకు ఆమెకు ఏడుపు వచ్చింది. వీరభద్ర సార్ పక్కనే నిలబడి విన్నట్టు అనిపించింది. రెండు రోజులు పేపరు ముట్టలేదు. మూడో నాడు వేరుశనగ చేలో దిగి పీకుతున్నప్పుడు చేతిని చూసుకుంది. ఎవరూ ఆకూ ఆకూ పట్టి పీకరు. కుదురు ఎక్కడుందో చూసి, గుప్పిట పట్టి లాగుతారు. కాయలన్నీ దానివెంటే వస్తాయి. ప్రతి పేరాలోనూ ఒక కుదురు ఉంటుంది. ఎవరు, ఏం చేశారు, ఎందుకు. దాన్ని పట్టుకుంటే మిగతా మాటలు వేలాడుతూ వస్తాయి. ఆ రోజు సాయంత్రం నుంచి విడి మాటలను వదిలి గుప్పెడు గుప్పెడుగా చూడటం సాధన చేసింది. చదివే ముందే తనను తాను అడిగేది: దీంట్లో నాకు కావలసింది ఏంటి?

చదివిన ప్రతి వార్తా పోయి తల్లికి చెప్పేది. ప్రేమమ్మకు అక్షరం రాదు. అందుకే ఆమెకు అన్నీ అనుమానాలే. “ఆయప్ప ఆస్తి తమ్మునికి ఎందుకు రాసిచ్చినాడు? పెండ్లాము గమ్మునుండిందా?” అని అడిగేది. కాగితంలో ఉంటే రెజీనా చెప్పాలి. లేకపోతే లేదని చెప్పాలి. ఊహించి చెబితే ప్రేమమ్మ పట్టుకునేది. “అది పేపర్లో ఉండాదా, నీ నోట్లోంచి వచ్చిందా?” పరీక్షలో తప్పు జవాబులన్నీ సరిగ్గా అలాంటివేనని, పేరాలో లేని మాటను ఉన్నట్టు చూపి ఊరిస్తాయని ఆమెకు తర్వాత అర్థమైంది.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఆమె ఒక్క ఉదయం కూడా వదల్లేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా గోడకు ఆనుకుని ఒక్క వార్త చదివి, అది తల్లికి చెప్పి పడుకుంది. పరీక్ష కంప్యూటర్ మీద అని తెలిశాక పేపరు వదిలి ఫోను తెర మీద చదవడం మొదలుపెట్టింది. తెర మీద అట్టముక్క పెట్టడం కుదరదు. అప్పటికి దాని అవసరమూ తీరిపోయింది.

పరీక్ష హాల్లో ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పొడుగాటి పేరా వచ్చింది. కుదురు చూసింది, పట్టింది, లాగింది. చివరి ప్రశ్న అయ్యాక కూడా తెర మూల గడియారంలో సమయం మిగిలి ఉంది. ఆమె దాన్ని అలాగే చూస్తూ కూర్చుంది. పట్టుకున్న దొంగను చూసినట్టు చూసింది.

ఉద్యోగం వచ్చింది. జిల్లాలో ముందు పేర్లలో ఆమె పేరుంది. చర్చిలో లేవి వాక్యం చదువుతూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండానే ఉదయశ్రీ ఫోను చేసింది. ఆమెకు ఈసారీ రాలేదు. “రెజీనా, నీ బొమ్మ కర్నూలులో పెద్ద ఫ్లెక్సీ వేసినారు. బస్టాండు దావలో. ‘మా సెంటర్ ఆణిముత్యం’ అని.”

“ఎవరు వేసినారు?”

“ఇంకెవరు, వీరభద్ర సార్.”

రెజీనా ఫోను పెట్టేసి, చూరులోంచి కొడవలి తీసింది.

“యాడికి పాపా?” అన్నాడు లేవి.

“కోతకు.”

లేవి వద్దు వద్దంటూనే వెంట బస్సెక్కాడు. బస్టాండు దారిలో రెండు కొయ్యల మధ్య ఫ్లెక్సీ నిలువెత్తు. అడ్మిషన్ రోజు ఇచ్చిన పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేశారు. చివరి బెంచీలో కూర్చోబెట్టిన ఆ మొహమే. పక్కన వీరభద్ర సార్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. పక్కనే బోర్డు రాస్తున్న పెయింటరు దగ్గర నిచ్చెన అడిగి ఆనించి, ఎక్కింది. తన బొమ్మ చుట్టూ, చెవుల పక్కనుంచి, గడ్డం కిందుగా కొడవలి తిప్పింది. మొహం ఊడి చేతికి వచ్చింది. ఆ రంధ్రంలోంచి అవతలి టిఫిన్ సెంటరు కనిపించింది. ఆటోలు ఆగాయి. ఫోన్లు పైకి లేచాయి.

సెంటర్ అక్కడికి దగ్గరే. వీరభద్ర సార్ పరుగున వచ్చాడు. కోప్పడతాడని, తిడతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన నవ్వాడు.

“దిగమ్మా, దిగు, పడతావు. మేడమ్‌వి అయినావు, నిచ్చెనలు ఎక్కొచ్చా? ఆదివారం సన్మాన సభ పెట్టినా. నీకేమన్నా ఉంటే ఆడ మైకులో చెప్పు. పెద్దాయన్ను కూడా పిల్చుకోనిరా.”

రెజీనా వెళ్లింది. తండ్రిని ముందు వరుసలో కూర్చోబెట్టి, మైకు తీసుకుని జరిగినదంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. వాచీ శబ్దం, గూడ్సుబండి, గడప బయట నిలబడ్డ తండ్రి.

“ఆ దినం మా నాయన చేతులు జోడించి మీకు ‘సరే సార్’ అన్నాడు. ఈ దినం మీరు దిగొచ్చి మా నాయనకు అనండి.”

వీరభద్ర సార్ వేదిక దిగి, లేవి ముందు నడుము దాకా వంగి, రెండు చేతులూ జోడించి, మైకులోనే అన్నాడు. “సరే సార్! లేవి గారూ, సరే సార్! ఆ దినం ఈ బిడ్డ లోపల నిప్పు రాజేసింది నేనే. చూడండి, ఈ దినం ఎట్ల వెలుగుతాండాదో!”

హాలు చప్పట్లతో మార్మోగింది. కొందరు లేచి నిలబడ్డారు. తెల్లారేసరికి ఆ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. కింద పెద్ద అక్షరాలు: అవమానాన్ని ఆయుధంగా మార్చే గురువు. ఆ నెల సెంటర్లో చేరడానికి వచ్చినవాళ్లు మెట్ల మీద దాకా నిలబడ్డారు.

రెజీనా ఇంట్లో అన్నం కంచం నెట్టేసింది. విసిరిన రాయిని ఆయన పట్టుకుని తన గోడలో కట్టుకున్నాడు.

లేవి పక్కన వచ్చి కూర్చున్నాడు. “పాపా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. ఆ దినం నాకు అవమానం తోచలేదు. నువ్వు కర్నూలు పోయినాక ఇల్లు బోసిపోయింది. ఆయప్ప పిల్చుకపొమ్మంటే, బిడ్డ ఇంటికొస్తాదిలే అని లోపల సంతోషమైంది. అందుకే సరే అన్నా.”

ఇన్నాళ్లూ రెజీనా ఆ రెండు మాటలను కొరడాలా వాడుకుని తన వీపు తనే వాయించుకుంది. వాటి లోపల ఉన్నది ఇదా?

“నీకు తోచకపోతే పాయ,” అంది. “నాకు తోచింది నాయనా. ఇంక నీ కోసమని కాదు. ఈ పగ నాది.”

నందికొట్కూరు దగ్గర ఒక ఊరి బడిలో ఆమెకు పోస్టింగు ఇచ్చారు. ఉదయశ్రీ ఒకరోజు బడి వదిలే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడింది. వీరభద్ర సార్ తననూ చివరి బెంచీకి పంపి, తర్వాత రావద్దనే చెప్పాడట. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తుంటే రెజీనాకు జాలి కంటే ముందు ఇంకొకటి తట్టింది. ఆ మనిషి ప్రతి సంవత్సరం గట్టి గింజలు తనకు ఉంచుకుని మిగతావి తాలని అవతల పారేస్తున్నాడు. ఆ పారేసిన దాన్ని మొలకెత్తిస్తే?

“నీతోపాటు చివరి బెంచీలో ఇంకా ఎవరెవరు ఉన్నారో అందరినీ పిల్చుకోనిరా,” అంది. “ఆదివారం, కోడుమూరు దగ్గర మా ఊరి చర్చి వరండాలో. ఒక్క పైసా వద్దు.”

మొదట నలుగురు వచ్చారు. తర్వాత వరండా చాలలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, నోట్లో వేపపుల్లలు పెట్టుకుని ఆడపిల్లలూ మగపిల్లలూ వరసగా కూర్చుని చదువుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. చదివిన వెంటనే కాగితం తిరగేసి ప్రేమమ్మకు చెప్పాలి. ప్రేమమ్మ చాపమీద కూర్చుని, ఒక్కొక్కరినీ తన అనుమానాలతో చంపుకు తినేది. వారం మధ్యలో ఇంట్లో సాధన చేయనివాళ్లు ఆమె మొదటి ప్రశ్నకే దొరికిపోయేవారు. అలాంటివాళ్లను రెజీనా తిట్టేది కాదు. “ఆయప్ప చెప్పింది నిజమే అనిపిస్తావా?” అని మాత్రం అడిగేది. మరుసటి వారం వాళ్లు తయారై వచ్చేవారు.

ఆమె అడిగే ఫీజు ఒక్కటే. ఉద్యోగం వచ్చినవాళ్లు కర్నూలు వెళ్లి, వీరభద్ర సార్ గదిలో ఆయన ఎదుట నిలబడి, “నేను మీ చివరి బెంచీ” అని చెప్పి, వచ్చిన ఉద్యోగమేదో చెప్పి, బయటికి రావాలి. ఫోటో ఇవ్వకూడదు. టీ తాగకూడదు.

ఉదయశ్రీ సచివాలయం ఉద్యోగం తెచ్చుకుని వెళ్లింది. తర్వాత ఒక కానిస్టేబులు యూనిఫాంలోనే వెళ్లాడు. తర్వాత ఒకమ్మాయి, తర్వాత ఇంకో ఇద్దరు. మొదట్లో ఆయన నవ్వి భుజం తట్టాడట. కొన్నాళ్లకు లేచి లోపలికి వెళ్లిపోయేవాడట. పిల్లలు వరండాలో అందరూ వినేలా చెప్పి వచ్చేవారు. ముందు బెంచీల పిల్లలు కూడా ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. చేరడానికి వచ్చిన తల్లిదండ్రులు, “సార్, మా బిడ్డ చివరి బెంచీలో పడితే కోడుమూరు పంపిస్తారా?” అని అమాయకంగా అడిగేవారట. ఈ సంగతులు ఎవరైనా మోసుకొస్తే రెజీనా మళ్లీ మళ్లీ చెప్పించుకుని వినేది.

ఈ ఎండాకాలంలో ఒక ఆదివారం చర్చి ముందు తెల్లకారు ఆగింది. వీరభద్ర సార్ ఒక్కడే దిగాడు. జుట్టు నెరిసింది. చదువుతున్న పిల్లలను దాటుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“రెజీనమ్మా, ఇంకెన్ని దినాలమ్మా ఇది? నేను వంగి దండం పెట్టినా కదా, అందరి ముందర.”

“మైకు ముందర పెట్టినారు సార్.”

“ఇప్పుడు మైకు లేదు. ఈ పిల్లోల్లను నా కాడికి పంపొద్దు. నువ్వే వచ్చి మా సెంటర్లో ఈ క్లాసు చెప్పు. నీకొక గది ఇస్తా, నీ పేరే పెడతా.”

పిల్లలు తలలు ఎత్తారు. రెజీనా వాళ్ల వైపు చూసి, “కాగితం మీద చూడండి,” అంది. తర్వాత ఆయనతో, “మీ పక్కన ఇంకో ఫ్లెక్సీ ఎక్కేదానికి నేను రాను సార్. కొత్తగా ఉద్యోగాలు వచ్చిన మా పిల్లోల్లు ఆరుగురు జూలైలో మీ కాడికి వస్తాండారు. ఆ దినం మీరు గదిలోనే ఉండండి. ఇంగ కొంచెం పక్కకు జరగండి, వాళ్లకు వెలుతురు అడ్డం వస్తాండాది,” అంది.

ఆయన పక్కకు జరిగాడు. ఎండ మండిపోతోంది. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంటే, ప్రేమమ్మ కూతురి వైపు చూసి, “వచ్చినోళ్లకు నీళ్లన్నా ఇయ్యొద్దా?” అంది.

“ఇయ్యిమా. కుండలో నీళ్లు చల్లగా ఉండాయి.”

ఆయన చెంబుడు నీళ్లు తాగి, చెంబు గోడమీద పెట్టి, కారెక్కాడు. రెజీనా లేవలేదు. దారి మీద దుమ్ము అణిగింది. ఆ తర్వాత పేరా మీద ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ రోజు అందరూ ఇంచుమించు అన్నీ సరిగ్గానే చెప్పారు. ఇంటికి వెళ్లాక లేవి కోడికూర వండించాడు. ఆ పూట రెజీనాకు అన్నం బాగా సహించింది.